బొమ్మ గీసింది ఎవరు? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కంప్యూటరు చుట్టూనే తిరిగాయి. అందుకే మిగతావి పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను. కొత్తగా చదువుతున్నవారి కోసం నా గురించి ఒక్క మాట. నేను మొదట కుంచె పట్టుకున్నదాన్నే. తర్వాత ఎక్కువ కాలం గ్యాలరీల్లో వీడియో, కంప్యూటర్ కళాకృతులను బిగించడం, నడిపించడం, చెడిపోతే బాగుచేయడం నా పని. అందుకని నా జవాబుల్లో సిద్ధాంతాలు తక్కువ, వైర్లు ఎక్కువ. ఉత్తరాలను కాస్త కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: చాలా ఏళ్లుగా నూనె రంగులతో ప్రకృతి దృశ్యాలు వేస్తున్నాను. మొన్న మా మేనల్లుడు నా బొమ్మలు నాలుగు ఫోన్‌లో ఎక్కించి, ఒక వాక్యం టైపు చేసి, అచ్చం నా చేతిలోంచి వచ్చినట్టున్న బొమ్మను నిమిషంలో చూపించాడు. ఇంట్లోవాళ్లకు తేడా తెలియలేదు. ఆ రోజు నుంచి స్టూడియోలోకి వెళ్లబుద్ధి కావడం లేదు. ఇక నేను గీయడం దేనికండీ?

జవాబు: ముందు ఆ "తేడా తెలియలేదు" సంగతి చూద్దాం. మిమ్మల్ని కుంగదీసింది అదే కదా.

ఇది ఇప్పటి ముచ్చట కాదండీ. 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో మైకేల్ నోల్ అనే ఇంజనీరు, పీట్ మాండ్రియన్ అనే డచ్ చిత్రకారుడు 1917లో వేసిన ఒక నలుపు తెలుపు బొమ్మను తీసుకున్నాడు. చిన్న చిన్న అడ్డగీతలు, నిలువుగీతలు, అంతే. అలాంటి గీతలనే కొంత లెక్క ప్రకారం, కొంత గాలివాటంగా కంప్యూటరు చేత పేర్పించాడు. రెండింటి నకళ్లూ వంద మందికి చూపించి, యంత్రం గీసింది ఏదో చెప్పమన్నాడు. సరిగ్గా చెప్పినవాళ్లు 28 శాతం. పైగా 59 శాతం మందికి కంప్యూటరు బొమ్మే ఎక్కువ నచ్చింది. చెల్లాచెదురుగా ఉంటే మనిషి చెయ్యి, పద్ధతిగా ఉంటే యంత్రం అని చాలామంది అనుకున్నారు మరి. అంటే మీ ఇంట్లోవాళ్లు పోల్చుకోలేకపోవడంలో వింత లేదు, మీకు అవమానమూ లేదు.

అయితే ఆ గీతల దాకా మాండ్రియన్ ఎలా వచ్చాడో చూడండి. సముద్రాన్ని, అందులోకి చొచ్చుకెళ్లిన కట్టడాన్ని మళ్లీ మళ్లీ గీస్తూ, ఒక్కొక్కటే తీసేస్తూ పోయాడు. చివరికి మిగిలినవి ఆ గీతలు. నోల్‌కు అవి సిద్ధంగా దొరికాయి. మీ మేనల్లుడికీ మీ నాలుగు బొమ్మలు సిద్ధంగా దొరికాయి.

ఆ ఫోన్‌లోని సాధనం చేసేదేమిటో కూడా టూకీగా చెబుతాను, కొంత భయం పోతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నవి డిఫ్యూజన్ పద్ధతి మీద నడుస్తాయి. శిక్షణలో కోట్ల బొమ్మల మీద చుక్కల రొద చల్లి, ఆ రొదను తీసేయడం నేర్పుతారు. మీరు వాక్యం ఇచ్చాక అది ఉత్త చుక్కల రొదతో మొదలుపెట్టి, ఆ వాక్యానికి తగినట్టు మెల్లమెల్లగా శుభ్రం చేసుకుంటూ వస్తుంది. 'ఇలాంటి బొమ్మలు మామూలుగా ఎలా ఉంటాయి' అన్నదానికి దగ్గరగా వెళ్లడమే దాని పని. ఆ చెట్టును చట్రం అంచుకు ఎందుకు నెట్టారు, ఆకాశాన్ని సగంలో ఎందుకు ఆపేశారు అన్న గొడవ దానికి లేదు.

మేనల్లుడికి ఒక పని చెప్పండి. అదే వరసలో ఇంకో పది చేయమనండి, వాటిలో ఏడు పారేయమనండి, ఎందుకు పారేశాడో చెప్పమనండి. చెప్పగలిగితే అతనూ ఆర్టిస్టు అయ్యే దారిలో ఉన్నట్టే, సంతోషించండి. చెప్పలేకపోతే అతను చూపించింది మీ బొమ్మలకు అద్దం.

యంత్రంతోనే పనిచేసి గొప్పవాళ్లయినవారు చేసింది కూడా ఈ ఏరివేతే. హంగేరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన వెరా మోల్నార్ 1959 నుంచే కంప్యూటరు లేకుండా కంప్యూటరులా గీసేది. తనకు తాను నియమాలు పెట్టుకుని, వాటి ప్రకారం చేత్తో గీతలు మార్చుకుంటూ పోయేది. దానికి 'ఊహా యంత్రం' అని పేరు పెట్టుకుంది. అసలు కంప్యూటరు 1968లో చేతికొచ్చింది. చతురస్రాలు వరసగా పేర్చి, వాటిలోకి ఒక్క శాతం గందరగోళం వదిలి, ఎక్కడ కన్ను ఆగుతుందో చూసేది. పెన్ను బిగించిన ప్లాటరు అనే గీసే యంత్రం కాగితం మీద కాగితం గీస్తూ పోయేది, ఏది ఉంచాలో ఆవిడ చూసుకునేది. దాదాపు నూరేళ్లు బతికి 2023 డిసెంబరులో పోయింది.

హెరాల్డ్ కోహెన్ దారి ఇంకో రకం. 1966లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో బ్రిటన్ తరఫున పాల్గొన్న పేరున్న చిత్రకారుడు ఆయన. 1970ల మొదట్లో 'ఆరోన్' అనే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టి, 2016లో చనిపోయేదాకా దాన్ని దిద్దుతూనే ఉన్నాడు. ఆరోన్‌కు ఎవరి బొమ్మలూ చూపించలేదు. మూసిన ఆకారం అంటే ఏమిటి, లోపల బయట అంటే ఏమిటి, ఒకదాని వెనక ఇంకొకటి ఉంటే ఏ గీత ఆగిపోవాలి – ఇలా తనకు తెలిసిన చిత్రకళను ఒక్కొక్క నియమంగా రాశాడు. ఆ గీతలకు చాలాకాలం రంగులు మాత్రం తనే వేసేవాడు, ఎందుకంటే రంగు విషయంలో తనకు తెలిసింది నియమంగా రాయడం కుదరలేదు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే. తన చేతికి ఏం తెలుసో, ఏం తెలియదో పట్టి చూసుకోవడానికి యంత్రాన్ని వాడుకున్నాడు.

స్టూడియోలోకి వెళ్లండి సార్. ఆ నాలుగు బొమ్మలూ గోడకు ఆనించి, మీకే నచ్చని చోటు ఎక్కడుందో వెతకండి. తర్వాతి బొమ్మ అక్కడుంటుంది.

ప్రశ్న: కాలేజీ ఫొటోగ్రఫీ పోటీకి ఏఐతో చేసిన బొమ్మ పంపాలనుకుంటున్నాను. ప్రాంప్టు (ఏఐకి ఇచ్చే వాక్యం) మీద చాలా కష్టపడ్డాను మేడమ్. అది నాది అని చెప్పుకోవచ్చా? కాపీరైటు వస్తుందా?

జవాబు: పోటీ ఫొటోగ్రఫీది అయితే పంపకు. 2023లో బోరిస్ ఎల్డాగ్‌సెన్ అనే జర్మన్ ఆర్టిస్టు సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో ఇలాంటి బొమ్మకే ఒక విభాగంలో బహుమతి గెలిచి, ఇది ఫొటో కాదు, ఏఐ బొమ్మ అని చెప్పి బహుమతి వద్దన్నాడు. ఫొటోకూ దీనికీ వేర్వేరు పోటీలు ఉండాలన్నది ఆయన వాదన. నాకూ అదే సబబు అనిపిస్తుంది. కెమెరా ముందు ఏదో ఒకటి ఉండి తీరాలి. దీని ముందు ఏమీ ఉండనక్కర్లేదు.

కాపీరైటు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంది. ఎక్కువగా నలిగింది అమెరికాలో కాబట్టి అక్కడి సంగతి చెబుతాను. జేసన్ అలెన్ అనే ఆయన మిడ్‌జర్నీ అనే ఏఐ బొమ్మల సాధనంతో చేసిన బొమ్మ 2022లో కొలరాడో స్టేట్ ఫెయిర్‌లో మొదటి బహుమతి గెలిచింది. కనీసం 624 సార్లు ప్రాంప్టులు మార్చానని ఆయన చెప్పుకున్నాడు. అయినా అక్కడి కాపీరైట్ ఆఫీసు, యంత్రం తయారుచేసిన భాగం మీద హక్కు వదులుకోనని ఆయన అన్నందుకు, 2023లో నమోదు నిరాకరించింది. అదే ఏడాది ఒక కామిక్ పుస్తకం విషయంలో ఇంకో సంగతి తేల్చింది: మాటలకూ, బొమ్మలను పేర్చిన తీరుకూ హక్కు ఉంటుంది, విడివిడిగా ఆ ఏఐ బొమ్మలకు ఉండదు. ఏఐనే కర్తగా చూపించి హక్కు అడిగిన కేసులోనూ, కర్త మనిషే అయి ఉండాలని 2025లో అప్పీలు కోర్టు చెప్పింది.

నువ్వు ఎంత కష్టపడ్డావన్నది వాళ్లు చూడటం లేదు, గమనించావా? ఫలితంలో ఏ గీత, ఏ రంగు నీ నిర్ణయమో చూపించగలవా అన్నదే ప్రశ్న. కాబట్టి మొదటి స్కెచ్చు, మధ్యలో వచ్చినవి, నువ్వు చేత్తో దిద్దినవి, అన్నీ తేదీలతో ఒక ఫోల్డర్‌లో దాచుకో. డిజిటల్ ఆర్ట్ విభాగం ఉన్న పోటీ చూసుకుని, ఏ సాధనం వాడావో కింద రాసి పంపు. దాచిపెట్టి గెలిస్తే ఆ టెన్షన్ బహుమతి కంటే ఎక్కువ కాలం ఉంటుంది.

ప్రశ్న: ఒక యువ కళాకారిణి వీడియో కళాకృతి కొన్నాను. చేతికొచ్చింది ఒక పెన్‌డ్రైవ్, సంతకం చేసిన ఒక కాగితం. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. అసలు నేను కొన్నది ఏమిటి? ఎన్‌ఎఫ్‌టీ (డిజిటల్ వస్తువు ఎవరిదో చూపే ఆన్‌లైన్ నమోదు) తీసుకుని ఉంటే మేలా?

జవాబు: నవ్వనివ్వండి. మీరు కొన్నది ఆ కాగితం. పెన్‌డ్రైవ్ దాని తర్వాతే.

సోల్ లెవిట్ అనే అమెరికన్ కళాకారుడు 1968 నుంచి గోడ చిత్రాలు చేశాడు. ఆయన అమ్మింది చాలావరకు సూచనలు, సర్టిఫికెట్టు. గోడ మీద గీసేది వేరేవాళ్లు. ప్రదర్శన అయిపోతే సున్నం కొట్టేస్తారు, కావాలంటే ఇంకో చోట మళ్లీ గీస్తారు. 2007లో ఆయన పోయాక కూడా ఆ చిత్రాలు కొత్త గోడల మీద గీస్తూనే ఉన్నారు. కంప్యూటరు కళకు బాట వేసింది కంప్యూటర్లే కాదు, ఇలాంటి పనులు కూడా.

వీడియో కళాకృతులు మామూలుగా ఎడిషన్లుగా అమ్ముతారు, మూడో ఐదో కాపీలు, పైన ఆర్టిస్టు దగ్గర ఒకటో రెండో. మీ కాగితం మీద మీది ఎన్నో కాపీ, మొత్తం ఎన్ని అన్నది ఉందో చూడండి. తర్వాత ఆవిడకు ఫోన్ చేసి ఇవి అడగండి, మొహమాట పడకండి. బాగా కుదించిన ఎంపీ4 ఒక్కటే ఇచ్చి ఉంటే, దాంతోపాటు నాణ్యత తగ్గించని మాస్టర్ ఫైలు కూడా ఇవ్వమనండి. ఎంత పెద్ద తెర మీద చూపాలి, చీకటి గది కావాలా, శబ్దం గదిలోకా హెడ్‌ఫోన్స్‌లోకా, చివరికొచ్చాక వెంటనే మొదలవ్వాలా లేక ఒక క్షణం నల్లగా ఆగాలా అన్నవి రాసివ్వమనండి. ముఖ్యంగా, రేపు ఈ రకం టీవీలు దొరక్కపోతే ఏం మార్చవచ్చు, ఏం మార్చకూడదు అన్నది. ఈ చివరి వాక్యం లేని కాగితాలతో నేను పడ్డ పాట్లు చెప్పుకుంటూ పోతే ఈ పేజీ చాలదు. ఫైలును రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టండి. పెన్‌డ్రైవ్‌ను డ్రాయర్లో పడేసి ఊరుకుంటే కొన్నేళ్లకు అది తెరుచుకోకపోవచ్చు.

ఇక ఎన్‌ఎఫ్‌టీ. బీపుల్ అనే ఆర్టిస్టు 2007 మే 1 నుంచి రోజుకొకటి చొప్పున చేసిన 5000 బొమ్మలను ఒకే చట్రంలో పేర్చిన ఫైలు, 2021 మార్చి 11న క్రిస్టీస్ వేలంలో దాదాపు 6.93 కోట్ల డాలర్లకు పోయింది. అప్పటి నుంచి ఆ మూడక్షరాలు అందరి నోళ్లలో పడ్డాయి. ఆ బొమ్మను ఎవరైనా చూడొచ్చు, దించుకోవచ్చు. కొన్నాయన చేతికి వచ్చింది బ్లాక్‌చెయిన్ మీద, అంటే చాలా కంప్యూటర్లు కలిసి నడిపే ఉమ్మడి పద్దుపుస్తకంలో, ఒక నమోదు. చాలా ఎన్‌ఎఫ్‌టీల్లో బొమ్మ ఆ నమోదులో ఉండదు, అది వేరే చోట ఉంటుంది, నమోదులో దాని చిరునామా మాత్రమే ఉంటుంది. లైబ్రరీలో పుస్తకం ఏ బీరువాలో ఉందో చెప్పే కార్డు లాంటిదన్నమాట. బీరువా ఖాళీ అయినా కార్డు మాత్రం భద్రంగా ఉంటుంది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో దాచకుండా చూపడం దాని మంచి గుణం, దాన్ని కాదనను. కానీ ఫైలును కాపాడే పని అది చేయదు. మీ కాగితం, మీ రెండు హార్డ్ డిస్కులే నయం.

ప్రశ్న: 2000ల్లో ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో కొన్ని ఇంటరాక్టివ్ పనులు చేశాను. అప్పట్లో ప్రదర్శనల్లో పెట్టారు, పత్రికల్లో రాశారు. ఇప్పుడు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. నా పదేళ్ల పని పోయినట్టేనా?

జవాబు: పోలేదు. కానీ ఈ వారమే మొదలుపెట్టండి.

జరిగింది ఇది. అడోబీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరు కంటెంటును నడపడమే మానేసింది. మీ ఫైళ్లకు ఏమీ కాలేదు, వాటిని చదివే నోరు మూతపడింది. రఫుల్ అనే ఉచిత ఎమ్యులేటరు (పాత ప్లేయరులా నటించే ప్రోగ్రాం) ఉంది, ముందు మీ .ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైళ్లను అందులో వేసి చూడండి. పాత, సరళమైన పనులు చాలావరకు కదులుతాయి. కొంచెం క్లిష్టమైనవి అక్కడక్కడా తడబడతాయి.

ఎమ్యులేటర్లో కదిలింది కదా అని పండగ చేసుకోకండి. నేను పనిచేసిన ఒక చోట ఒక పాత కంప్యూటర్ కళాకృతి ఉండేది (ఫ్లాష్ కంటే ముందుది). అక్షరాలు తెర పై నుంచి విడిపోయి మెల్లగా దిగుతూ, కింద ఒకదాని మీద ఒకటి పేరుకునేవి. కొత్త మెషీన్‌లో పెట్టి మీట నొక్కితే రెప్పపాటులో అన్నీ కింద పడి ఉన్నాయి. ప్రోగ్రాంలో వేగం ఎంతని ఎక్కడా రాసిలేదు, అప్పటి ప్రాసెసరు ఎంత నెమ్మదైతే అంత నెమ్మదిగా నడిచేది. ఆ నెమ్మదే అసలు కళాకృతి! ఎవరో సందర్శకుడు పాత హ్యాండీక్యామ్‌తో తీసిన వణుకు వీడియో దొరికింది. దాన్ని పక్కన నడుపుతూ, ఒక అక్షరం పై నుంచి కిందికి రావడానికి ఎంతసేపు పడుతోందో స్టాప్‌వాచ్‌తో కొలిచి, ఆ లెక్కన ఆలస్యం కలిపాం. ఫైలు ఒక్క బైటు కూడా చెడకుండా ఉన్నా, ఆ వణుకు వీడియో లేకపోతే పని పోయినట్టే.

అందుకే చెబుతున్నాను. పాత కంప్యూటరు ఎక్కడైనా బతికుంటే, దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించకుండా ఆన్ చేసి, మీ పనిని మీరే వాడుతూ వీడియో తీయించండి. తెర ఒక్కటే కాదు, మౌసు మీద మీ చెయ్యి, గదిలో వినిపించే శబ్దం కూడా రావాలి. .ఎఫ్‌ఎల్‌ఏ అనే మూల ఫైళ్లు, వాడిన ఫాంట్లు, శబ్దాలు అన్నీ ఒకచోట చేర్చండి. ఒక్కో పనికి ఒక పేజీ రాయండి: చూసేవాడు ఏం చేస్తే ఏం జరగాలి, ఏది తప్పనిసరి, ఏది అప్పటి కంప్యూటరు బలహీనత వల్ల వచ్చింది.

పెద్ద మ్యూజియంలు కూడా ఇదే గొడవ పడుతున్నాయి. షు లీ చెంగ్ చేసిన 'బ్రాండన్' అనే 1998 నాటి వెబ్ కళాకృతి న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంది. దానిలోని జావా ఆప్లెట్లు అనే చిన్న ప్రోగ్రాంలను కొత్త బ్రౌజర్లు నడపడం మానేశాయి. 2016, 17ల్లో దాన్ని బాగుచేసినవాళ్లు పాత కోడును తుడిచిపెట్టలేదు. పనిచేయని భాగాన్ని అక్కడే నిద్రపుచ్చి, పక్కన కొత్తది రాశారు. తైలవర్ణ చిత్రాన్ని బాగుచేసేవాళ్లు రేపు తీసేయగలిగే రంగునే వాడతారు. ఆ పద్ధతి కోడులోకి కూడా వచ్చిందన్నమాట.

ఇక వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ కట్టిన 'ద మోర్, ద బెటర్' గురించి చెప్పకుండా ఉండలేను. దక్షిణ కొరియా జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో, 1988లో, 1003 పాత తరం గాజు టీవీలతో నిలబెట్టిన గోపురం అది. ఆ గాజు గొట్టాలు తయారుచేసే కంపెనీలే మూతపడుతూ వచ్చాయి. టీవీలు ఒక్కొక్కటే చీకటి పడుతూ పోయి, 2018లో మొత్తం ఆపేయాల్సి వచ్చింది. అన్నీ తీసేసి పలచటి ఎల్‌సీడీలు పెడితే సులువు. కానీ పైక్ వాడింది ఉబ్బెత్తు గాజు, లోపలి నుంచి వెలిగే కాంతి, వెనక పెట్టె బరువు. చివరికి పాత భాగాలు ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చి వీలైనన్ని టీవీలను బతికించారు. పై అంతస్తుల్లోని చిన్న తెరలు కొన్నింటికి మాత్రం ఎల్‌సీడీలు పెట్టారు. 2022 సెప్టెంబరులో మళ్లీ వెలిగింది. కొందరికి ఈ రాజీ నచ్చలేదు. నాకు నచ్చింది. దూరంగా కనిపించే చోట రాజీ పడి, సందర్శకుడి కంటి దగ్గర పడలేదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఇది వినండి. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హాల్ 1985లో కమొడోర్ కంపెనీ అమిగా కంప్యూటరు మీద గీసిన బొమ్మలు ఫ్లాపీల్లో ఉండిపోయి, 2014లో బయటపడ్డాయి. కోరీ అర్కేంజల్ అనే ఆర్టిస్టుకు అనుమానం వచ్చి అడిగితే, కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ క్లబ్ కుర్రాళ్లు ఆ ఫ్లాపీలను జాగ్రత్తగా కాపీ తీసి, ఎవరికీ గుర్తులేని ఫైలు రూపాన్ని ఛేదించారు. మీ పనులు అంత పాతవేం కాదు.

ప్రశ్న: తెర మీద వెలిగిపోయే నీలం, ఆకుపచ్చ ప్రింటులో మసిబారినట్టు వస్తున్నాయి. ప్రింటరుదే తప్పా?

జవాబు: చాలావరకు కాదు. తెర కాంతిని వెదజల్లుతుంది, కాగితం తన మీద పడ్డ కాంతినే తిప్పి పంపుతుంది. మీరు చూసే కొన్ని మెరుపు నీలాలు, పచ్చలు సిరాలతో రానే రావు. ప్రింటు చేసేవారి దగ్గర వాళ్ల కాగితానికి సరిపడే ప్రొఫైల్ (రంగుల వివరాల ఫైలు) తీసుకుని, సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపే సదుపాయం) ఆన్ చేసి రంగులు దిద్దుకోండి. తెర వెలుతురు సగానికి తగ్గించి పని చేయండి. ఏ3 సైజు నాణ్యంగా కావాలంటే 3508 × 4961 పిక్సెళ్లు ఉండాలి, చిన్న ఫైలును సాగదీయకండి. మొత్తం ప్రింటు తీసే ముందు చిన్న ముక్క తీయించి చూడండి.

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు. ట్యాబ్లెట్ మీద తప్ప కాగితం మీద గీయనంటోంది. చెయ్యి చెడిపోతుందేమోనని భయం.

జవాబు: బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ డెబ్బై దాటాక, 2009లో ఐఫోన్ మీద బొటనవేలితో పూలు గీసి పొద్దున్నే స్నేహితులకు పంపేవాడు. మరుసటేడు ఐప్యాడ్ పట్టుకున్నాడు. 2012లో లండన్ రాయల్ అకాడమీలో ఆ ఐప్యాడ్ బొమ్మలనే గోడంత ప్రింట్లు తీసి పెట్టారు. చెయ్యి ఏమీ చెడలేదు. కాకపోతే ఆ చేతికి అప్పటికే ఎన్నో దశాబ్దాల పెన్సిలు అలవాటు ఉందనుకోండి.

పాపతో యుద్ధం వద్దమ్మా. నాకు అనుమానమల్లా అన్‌డూ బటను మీదే. గీత తప్పగానే చెరిపేసే పిల్లలకు, తప్పు గీతను బొమ్మలో కలిపేసుకోవడం అలవడదు. రోజుకు ఒక్క బొమ్మ అన్‌డూ లేకుండా అని పందెం కట్టండి, మీరూ పక్కన కూర్చుని ఒకటి గీయండి. చాలా యాప్‌లలో గీసిన క్రమాన్ని మొదటి నుంచి తిప్పి చూపే సదుపాయం ఉంటుంది. హాక్నీకి కూడా అది తెగ నచ్చింది. తన బొమ్మ ఎలా పుట్టిందో పాపను చూడనివ్వండి. ఎక్కడ బాగుండి, ఎక్కడ పాడైందో తనే చెబుతుంది.

ప్రశ్న: చనిపోయిన చిత్రకారుల బొమ్మలను గోడల నిండా కదిలిస్తూ చూపే షోలు కళేనా?

జవాబు: అది షో. చూడండి, పిల్లలను తీసుకెళ్లండి, తప్పేం లేదు. కానీ కుంచె మందం, కాన్వాసు కొలత పోయాక మిగిలేది రంగుల వాన, సంగీతం. ప్రొజెక్టర్లు బిగించినదాన్ని, ఆ హంగు ఎంత తేలికో నాకు తెలుసు.

టెక్నాలజీ లేకపోతే పుట్టనే పుట్టని పని చూడాలంటే రఫాయెల్ లొజానో హెమ్మర్ అనే కళాకారుడు 2006లో చేసిన 'పల్స్ రూమ్' గురించి చదవండి. గది కప్పు నుంచి వందల మామూలు బల్బులు వేలాడుతుంటాయి. ఒక పిడి పట్టుకుంటే సెన్సారు మీ గుండె వేగం పసిగడుతుంది, దగ్గరి బల్బు అదే లయలో వెలిగి ఆరుతుంది. మీరు చెయ్యి తీయగానే మీ లయ పక్క బల్బుకు జరుగుతుంది, మీకు ముందు వచ్చినవాళ్లవన్నీ ఒక్కో బల్బు ముందుకు జరుగుతాయి. గదిలో ఉన్నదంతా అంతకుముందు వచ్చివెళ్లినవాళ్ల గుండెలే. అందరి కంటే పాతది వరస చివరికొచ్చి, కొత్తవాడు పిడి పట్టగానే వెళ్లిపోతుంది. ఇక్కడ సెన్సారు తీసేస్తే కళాకృతే లేదు. అక్కడ ప్రొజెక్టరు తీసేస్తే అసలు బొమ్మ మ్యూజియంలో హాయిగా ఉంది.

ప్రశ్న: ఇలస్ట్రేటర్‌ని. నా బొమ్మలను అడగకుండా ఏఐ శిక్షణకు వాడుకుంటారని ఆన్‌లైన్‌లో పెట్టడం మానేశాను. దాంతో పని కూడా రావడం మానేసింది. ఏం చేయను?

జవాబు: మీ కోపం న్యాయమైనదే. 2022లో వచ్చిన లయాన్ 5బీ అనే సమాహారంలో సుమారు 585 కోట్ల జంటలు ఉన్నాయి: ఒక బొమ్మ వెబ్ చిరునామా, దాని పక్కన ఉన్న రాత. స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల ఏఐకి శిక్షణ ఇచ్చింది దానిలోంచి తీసిన భాగాలతోనే. గీసినవాళ్లలో ఎవరినీ అడగలేదు. 2023 నుంచి దీని మీద కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి, కళాకారులు వేసినవి కూడా.

మీరు చేయగలిగింది చెబుతాను. పెద్ద ఫైళ్లు పెట్టకండి, ఫోన్‌లో బాగా కనిపించేంత చాలు. పెట్టే ముందు షికాగో యూనివర్సిటీ వాళ్లు ఉచితంగా ఇస్తున్న గ్లేజ్ అనే సాఫ్ట్‌వేర్ గుండా పంపండి. అది కంటికి పెద్దగా కనిపించని మార్పులు పిక్సెళ్లలో చేసి, మీ శైలిని మోడల్ వేరే శైలిగా పొరబడేలా చేస్తుంది. నీటి రంగుల్లాంటి పలచటి చోట్ల ఆ మరకలు కాస్త తెలుస్తాయి, తీవ్రత తగ్గించి చూసుకోండి. ఇది శాశ్వత కవచం కాదు, దాన్ని ఛేదించే పరిశోధనలూ వస్తున్నాయి. అయినా తాళం లేని తలుపు కంటే మేలే. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేటప్పుడు, ఈ బొమ్మలను ఏఐ శిక్షణకు వాడకూడదన్న ఒక్క వాక్యం చేర్చమని అడగండి. కొందరు ఒప్పుకుంటారు.

పని దొరకాలంటే మాత్రం కనిపించాలి. పూర్తయిన బొమ్మతోపాటు స్కెచ్చులు, కొట్టేసిన కూర్పులు, ఎందుకు కొట్టేశారో రెండు ముక్కలు కూడా పెట్టండి. పని ఇచ్చేవాళ్లలో ఎవరు ఆలోచన కోసం వస్తారో, ఎవరు ఉత్త పూత కోసం వస్తారో దాంతోనే తెలిసిపోతుంది.

ప్రశ్న: వచ్చే నెల నా మొదటి వీడియో ఇన్‌స్టలేషన్. ప్రొజెక్టరా, టీవీనా?

జవాబు: గదిని పూర్తిగా చీకటి చేయలేకపోతే టీవీ. ప్రొజెక్టరు నలుపును చూపలేదు, మీ గోడ ఎంత నల్లగా ఉంటే అంతే నలుపు. ఏది పెట్టినా, కరెంటు పోయి వచ్చినా దానంతట అదే మొదలయ్యే చిన్న మీడియా ప్లేయరు వాడండి, ల్యాప్‌టాప్ వద్దు. నోటిఫికేషన్ వచ్చి కళాకృతి మధ్యలో నిలబడుతుంది. పొద్దున్నే గ్యాలరీ తెరిచే మనిషితో ముందురోజే మీ ఎదురుగా ఒకసారి ఆన్, ఆఫ్ చేయించండి. ఏ మీట ముందు, ఏది తర్వాత అన్నది కాగితం మీద రాసి, మీ ఫోన్ నంబరు వేసి, ప్లేయరు పక్కనే అతికించండి.